వడ్డించువాడే భోక్త: కాలిఫోర్నియా నగరసభ్యుల జీతపు చట్టముల చరిత్ర

ప్రజలు ఎన్నుకొన్నవారికి ప్రజాధనమునుండి జీతమీయవచ్చునా, ఈయదగునన్నచో ఎంత యీయవలెను అను చర్చ ప్రజాప్రభుత్వమంత పురాతనమైనది. కాని ఒకసారి నిర్ణయించిన జీతమును పెంచవలసివచ్చినప్పుడు ఆ పెంపుదలకు సమ్మతి తెలుపవలసినవారెవరు అను ప్రశ్న అంతకంటెను చిక్కైనది. రాజాస్థానమున జీతము పెంచువాడు ప్రభువు, పుచ్చుకొనువాడు కొలువుకాడు. వర్తకుని కొట్టులో పెంచువాడు యజమాని, పుచ్చుకొనువాడు గుమాస్తా. నగరసభయందు మాత్రము బొక్కసపు తాళముచెవి చేతబట్టినవాడును, ఆ బొక్కసమునుండి నెలనెలయు జీతము తీసికొనువాడును ఒక్కడే యగుచున్నాడు. వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిని కూర్చున్నను కొదువలేదని పెద్దల సామెత. వడ్డించువాడే విస్తరి పరచుకొని కూర్చున్నచోట గరిటెను పట్టి ఆపువారెవరు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకుచు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కాలిఫోర్నియా రాష్ట్రము నూటనలువది సంవత్సరములకు పైగా వ్రాసి, దిద్ది, తిరిగి వ్రాసిన కట్టడుల కథ చదువదగినది.

ఆ కట్టడులను చట్టగ్రంథములందు వరుసగా చదువుకొనిపోయినచో అవి అంకెలును నిషేధములును గల పొడి వాక్యములుగనే తోచును. ఏ వాక్యమును ఏ సంవత్సరమున ఎవరు ఎవరిని చూచి భయపడి వ్రాసిరో తెలిసికొన్నప్పుడు మాత్రమే వానికి ప్రాణము వచ్చును. ఇందలి ప్రతి నిబంధనకును వెనుక ఒక అపచారమో, అపచారము జరుగునేమోయను అనుమానమో నిలిచియున్నది.

ప్రజాసేవకు జీతము గూడదను భావము వెనుక, సేవ చేయగలిగినవాడు కలిగినవాడే యను పాత నమ్మకము దాగియున్నది. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దియందు ఆథెన్సు నగరమున పెరిక్లీసు న్యాయసభలలో కూర్చుండు పౌరులకు దినభత్యము నేర్పరచినప్పుడు, బీదవాడుకూడ పని మానుకొని వచ్చి తీర్పుచెప్పుటకు దారి దొరకెను. అదే సమయమున, కూలికి ఆశపడి వచ్చు న్యాయనిర్ణేతలని హేళన చేయుటకు హాస్యనాటకకర్తలకును అవకాశము దొరకెను. పిమ్మట నాయకుడైన క్లియోను కాలమున ఆ భత్యము 2 ఒబొలు నాణెములనుండి 3 నాణెములకు పెరిగినప్పుడు ఆ హేళన మరింత పదునెక్కినది. ఇంగ్లండులో పార్లమెంటు సభ్యులకు జీతము గావలెనని శ్రామికోద్యమకారులగు చార్టిస్టులు 1838లో కోరగా, ఆ కోరిక 1911లో గాని తీరలేదు. జీతము లేనిచో బీదవాడు రాలేడు, జీతమున్నచో ఆశపోతు వచ్చునని పలుకు రెండు వాదములును ఆనాటినుండి నేటివరకు ఎదురెదురుగా కూర్చుండి ఒకదానిని మరొకటి ఓడింపలేకయున్నవి.

అమెరికాలో ఈ వాదమునకు కొత్త రూపమిచ్చినది 1873 మార్చి 3వ తేదీన జరిగిన యొక ఘటన. గ్రాంటు అధ్యక్షుని రెండవ పదవీకాలము ప్రారంభమగుటకు ముందునాడు, కాలము తీరిపోవుచున్న కాంగ్రెసువారు అధ్యక్షుని జీతమును 25,000 డాలర్లనుండి 50,000 డాలర్లకు పెంచి, ఆ చేతితోనే తమ జీతమును 5,000 నుండి 7,500 డాలర్లకు పెంచుకొనిరి. అంతటితో ఆగినచో దేశము గొణిగి ఊరుకొనెడిదేమో. ఆ పెంపుదల అంతకుముందు గడచిపోయిన రెండు సంవత్సరములకును వర్తించునని వ్రాసికొనుటచేత ఒక్కొక్క సభ్యునకు 5,000 డాలర్లు ఇంటికిపోవు ముందు చేతికి వచ్చినవి. పత్రికలు దీనిని జీతపు దోపిడియని పేరుపెట్టి ఎండగట్టగా, కొందరు సభ్యులు ఆ సొమ్మును ఖజానాకు తిరిగి కట్టిరి. మరుసటి కాంగ్రెసు 1874 జనవరిలో సభ్యుల పెంపును రద్దుచేసెను. 1789లో జేమ్సు మాడిసను ప్రతిపాదించి, తగినన్ని రాష్ట్రముల యామోదము లభింపక మూలపడియున్న రాజ్యాంగ సవరణ యొకటి ఆ కోపమువలన జ్ఞప్తికి వచ్చినది. సభ్యుల జీతమును మార్చు చట్టమేదియు మధ్యలో ఒక ఎన్నిక జరుగునంతవరకు అమలులోనికి రాగూడదని ఆ సవరణ భావము. నిరసనగా ఒహాయో రాష్ట్రము 1873లో దానిని ఆమోదించెను. పిమ్మట అది మరల నిద్రించి, 1982లో టెక్సాసు విశ్వవిద్యాలయపు విద్యార్థి గ్రెగరీ వాట్సను వ్రాసిన యొక వ్యాసముతో మేల్కొని, 1992లో ఇరువది యేడవ సవరణగా రాజ్యాంగమున చేరెను. ఆ వ్యాసమునకు అతని అధ్యాపకురాలు అప్పుడిచ్చిన శ్రేణి మాత్రము సామాన్యమైనదే!

మాడిసను ఉపాయమందలి సారము కాలవ్యవధానము. పెంచు చేతిని నరకలేము, పుచ్చుకొను చేతిని కట్టలేము; ఆ రెంటికిని నడుమ ఒక ఎన్నికను నిలిపినచో, పెంచినవాడు తిరిగి వచ్చునో రాడో తెలియని స్థితిలో సంతకము చేయవలసివచ్చును. ఈ ఉపాయమును దేశమంతయు ఆమోదించుటకు రెండువందల యేండ్లు పట్టినది గాని, కాలిఫోర్నియా తన నగరముల విషయమున 1879లోనే దానిని రాజ్యాంగమునకెక్కించెను.

ఆ సంవత్సరమున ఆ రాష్ట్రము వ్రాసికొన్న రెండవ రాజ్యాంగము కోపముతో వ్రాసిన పుస్తకము. రైలు కంపెనీలమీద కోపము, భూస్వాములమీద కోపము, శాసనసభలోని లంచగొండులమీద కోపము. సాక్రమెంటోలో సమావేశమైన 152 మంది ప్రతినిధులలో ఇంచుమించు మూడవవంతు డెనిసు కియర్నీ నాయకత్వమున లేచిన శ్రామికపక్షమువారు. ఏలువారిని నమ్మరాదను వారి పట్టుదల రాజ్యాంగపు ప్రతి పుటయందును కనబడును. అట్టి ప్రజాపక్షపాతులే చీనాదేశీయులకు పనియీయరాదను సిగ్గుమాలిన అధ్యాయమునుకూడ అందులో వ్రాసిరని మరువరాదు. ఒకే కలమునుండి న్యాయమును అన్యాయమును ఒకే వారమున జారుట చరిత్రలో అరుదుగాదు. నగరములనుగూర్చిన పదునొకండవ అధ్యాయమున వారు చేర్చిన యొక వాక్యపు తాత్పర్యమిది: జిల్లాలయందును నగరములయందును ఏ యధికారి జీతమైనను అతడు ఎన్నికైన పిమ్మట గాని, అతని పదవీకాలములో గాని పెంచబడరాదు, అతని పదవీకాలమును పొడిగింపనురాదు.

వినుటకు ఇంతకంటె సూటియైన కట్టడి లేదు. ఆచరణమున మాత్రము ఒక ముడి పడినది. కాలిఫోర్నియాలో సామాన్యముగ నగరసభకు అయిదుగురు సభ్యులు, ఒక్కొక్కరికి నాలుగేండ్ల పదవి. అందరును ఒకేమారు మారిపోయినచో పని తెలిసినవాడు సభలో మిగులడని, రెండేండ్లకొకసారి ఒకమారు ఇద్దరిని, మరొకమారు ముగ్గురిని ఎన్నుకొందురు. ఇట్టిచోట నిషేధమును అక్షరశః పాటించినచో, ఒకే బల్లచుట్టు కూర్చుండి ఒకే పని చేయువారిలో కొత్తగా ఎన్నికైనవారికి పెరిగిన జీతము, పాతవారికి పాత జీతము నడువవలసియుండును. రెండేండ్లు ఓపికపట్టుట అంత కష్టమా యని సామాన్యుడు అడుగవచ్చును. శాసనకర్తలు అట్లడుగలేదు. ఇప్పుడు ప్రభుత్వ స్మృతియందలి 36516.5 సంఖ్యగల నిబంధన ఒకచేత నిషేధించి మరొకచేత సడలించుచున్నది: పదవీకాలము నడుమ సభ్యుని జీతము మారరాదు, కాని అంచెలంచెలుగా ఎన్నికగు సభలో ఒక్కరైనను కొత్త పదవీకాలమును ప్రారంభించి పెంపుదలకు అర్హులైనచో, తక్కిన సభ్యులందరికిని ఆ పెంపుదల ఆనాడే వర్తింపజేయవచ్చును. అనగా ఈ యేడు పెంపుదలకు చేయెత్తిన అయిదుగురిలో ఇద్దరే ప్రజలముందు నిలువవలసినవారు. తక్కిన ముగ్గురును ఎన్నికల శ్రమ లేకుండగనే ఫలము ననుభవింతురు. సహచరుల నడుమ సమానత్వమును కాపాడుటకని దీనిని సమర్థింతురు. ఆ సమర్థన సబబైనదే గాని, మాడిసను కోరిన భయములో సగము ఇచ్చట కరగిపోయినదనుటయు నిజమే.

వ్యవధానమొక్కటియే చాలదని తోచి, రాష్ట్ర శాసనసభ దానికి పరిమాణమును జోడించెను. 36516వ నిబంధనలో 1984లో నిలిచిన పట్టిక ఇట్లుండెను: 35,000 జనాభావరకు గల నగరమున సభ్యునకు నెలకు 300 డాలర్లు, 50,000 వరకు 400, 75,000 వరకు 500, 1,50,000 వరకు 600, రెండున్నర లక్షలవరకు 800, ఆపైన ఎంత పెద్ద నగరమైనను 1,000. సంవత్సరమునకు గాదు, జీవనమునకును గాదు. నెలకు రెండుమూడు సాయంకాలములు సభలో కూర్చుండి, ఇంటివద్ద కాగితములు చదువుకొని, అంగడిలో ఎదురుపడినవారి ఫిర్యాదులు వినువానికి ఈయదగిన గౌరవముగనే ఈ మొత్తములు ఉద్దేశింపబడినవి.

పట్టికను మించి పెరుగుటకు రెండే మార్గములు. మొదటిది నగరసభయే శాసనము చేయుట. అప్పుడు చివరి పెంపుదల అమలైన నాటినుండి గడచిన ఒక్కొక్క సంవత్సరమునకు నూటికి అయిదు చొప్పున మించరాదని 2023 వరకు నియమముండెను. ఈ లెక్కను కొంచెము దగ్గరగా చూడవలెను. 300 డాలర్ల జీతముగల చిన్న నగరమున ఏడాదికి అనుమతింపబడిన పెంపు 15 డాలర్లు. ఓటర్లకు జంకి సభ్యులు ఆరేండ్లు ఊరకున్నచో, ఏడవయేట 90 డాలర్లు ఒక్కసారి పెంచవచ్చును. అనగా పెంచుకొనని యేడు వృథాగా పోదు, నిలువలో చేరును. కాని వడ్డీకి వడ్డీ కట్టినట్లు ఏటి పెంపుమీద మరల పెంపు లెక్కగట్టరాదు. మున్ముందు ఏటేట తనంతటతానే పెరుగునట్లు ఒక్కసారి వ్రాసిపెట్టుకొనుటయు నిషిద్ధమే. పెంచవలెనన్న ప్రతిసారియు బహిరంగసభలో కార్యక్రమ పత్రికపై ఆ విషయము నెక్కించి, పత్రికావిలేఖరి ఎదుట, ఎదుటివరుసలో కూర్చుండు నిత్యాసంతృప్తుని ఎదుట చేయెత్తవలెను. పెంపు పదునైదు డాలర్లే కావచ్చును. దానికై చేయెత్తువాని ముఖము మాత్రము వేయి డాలర్లు అడుగువాని ముఖమువలెనే యుండును. శాసనము ఆశించినదియు ఆ సంకోచమునే. రెండవ మార్గము, జీతమును ఓటర్లకే విడిచిపెట్టుట: నగర ఎన్నికలలో ఓటర్లు ఆమోదించినచో పట్టికకంటె ఎక్కువయు, కోరినచో తక్కువయు నిర్ణయింపవచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు రాష్ట్రపు సామాన్య చట్టము ననుసరించి నడచు నగరములకే. కాలిఫోర్నియాలో రెండవ జాతి నగరములు కలవు. అవి స్వంత చార్టరును, అనగా స్వంత రాజ్యాంగమును, ఓటర్ల సమ్మతితో వ్రాసికొని, నగర వ్యవహారములందు రాష్ట్రముయొక్క చేయి తమపై పడకుండ చూచుకొన్నవి. లాసు ఏంజెలీసు, శాన్ డియాగో, శాన్ హోసే వంటి మహానగరములు ఈ తెగకు చెందినవే. నగరాధికారుల జీతము కేవలము నగర వ్యవహారమని రాజ్యాంగమే చెప్పుటచేత, పైన చెప్పిన పట్టికయు, నూటికి అయిదును, ఇచ్చటికి ప్రవేశింపవు. మహానగరములకు ఈ స్వాతంత్ర్యము తగినదే. అచ్చటి ఓటర్లు లక్షలమంది, పత్రికలు మెలకువగలవి. కాని ఒక చిన్న ఊరు, ఎవరును చూడని సమయమున, ఈ తలుపు తెరచుకొని లోపలికి పోయినచో ఏమగును?

లాసు ఏంజెలీసు నడిబొడ్డునకు ఆగ్నేయమున బెల్ అను నగరము కలదు. రెండున్నర చదరపు మైళ్ళ నేల, సుమారు 36,000 జనము. వారిలో అత్యధికులు మెక్సికోనుండియు ఇతర స్పానిష్ భాషాదేశములనుండియు వచ్చి శ్రమచేసి బ్రతుకువారు. ఈ నగరపు నిత్యపాలనము సిటీ మేనేజరను జీతగాని చేతిలోనుండును. 1993లో 72,000 డాలర్ల జీతముపై రాబర్టు రిజో అను నాతడు ఆ పనిలో కుదిరెను. 2005లో రాష్ట్ర శాసనసభ, పొరుగుననున్న సౌత్ గేట్ నగరమున జరిగిన అక్రమముల నేపథ్యమున, ఒక కొత్త కట్టడి చేసెను. అంతవరకు కొందరు సభ్యులు కౌన్సిలు జీతమును పట్టికలోనే యుంచి, తామే సభ్యులుగా కూర్చుండు ఉపసంఘములనుండియు మండలులనుండియు వేరువేరుగా భత్యములు తీసికొనుచుండిరి. ముందు వాకిలి మూయగా పెరటిదారిని నడచినట్లన్నమాట. ఆ భత్యములుకూడ జీతమే యని, వేరొక చట్టము మొత్తమును చెప్పనిచోట ఒక్కొక్క మండలికి నెలకు 150 డాలర్లు మించరాదని కొత్త కట్టడి నిర్ణయించెను.

ఆ సంవత్సరమే, 2005 నవంబరు 29వ తేదీన, బెల్ నగరమున ఒక ప్రత్యేక ఎన్నిక జరిగెను. ఆ తేదీన మరి యే యెన్నికయు లేదు, బ్యాలెటుపై మరి యే విషయమును లేదు. నగరము చార్టరు నగరముగ మారవలెనా యని ప్రశ్న. స్థానిక స్వపరిపాలనము పెంపొందునని ఓటర్లకు చెప్పిరి. జీతముల మాట ఆ బ్యాలెటుపై ఎచ్చటను లేదు. 36,000 జనముగల ఊర ఓటు వేసినవారు 400 మందికి లోపల. అనుకూలముగ 336, ప్రతికూలముగ 54. ఆ మూడువందల ముప్పదియారు చీటీలతో రాష్ట్రపు పట్టికయు, నూటికి అయిదును, కొత్తగా వచ్చిన నూటయేబది డాలర్ల కట్టడియు ఆ ఊరి పొలిమేర దాటిపోయినవి.

తరువాతి అయిదేండ్లలో జరిగినది ఊరివారికి తెలియదు. సభలు జరుగుచునేయుండెను, సమావేశ వృత్తాంతములు వ్రాయబడుచునేయుండెను. ఆస్తిపన్నుమాత్రము ధనికులుండు బెవర్లీ హిల్సుకంటెను హెచ్చు రేటున వసూలగుచుండెను. 2010 వేసవిలో లాసు ఏంజెలీసు టైమ్సు విలేఖరులు జెఫ్ గాట్లీబు, రూబెన్ వీవెసు అనువారు పొరుగూరు మేవుడ్ వ్యవహారముపై వ్రాయుటకు ఆ ప్రాంతమునకు పోయి, బెల్ కౌన్సిలు జీతములపై విచారణ జరుగుచున్నదని విని, ప్రజాపత్రముల చట్టము క్రింద కాగితములు కోరిరి. పదిదినముల గడువు నడువగా, నగరమందిరములో గాక, లిటిల్ బేర్ పార్కు అను నుద్యానమందలి గదిలో రిజో వారిని కలిసికొనెను. బల్లపై ఒప్పందముల ప్రతులు పేర్చబడియున్నవి. మీ జీతమెంత యని విలేఖరులడిగిరి. ఏడు లక్షల డాలర్లని సమాధానము వచ్చినది. విన్నవారు తమ చెవులను నమ్మలేకపోయిరనుటలో ఆశ్చర్యములేదు. అమెరికా అధ్యక్షుని జీతము అప్పటికి 4,00,000 డాలర్లే.

2010 జూలైలో పత్రికలో వచ్చిన లెక్క ఇంకను ఖచ్చితమైనది: మేనేజరుకు ఏటికి 7,87,637 డాలర్లు, ఉపమేనేజరుకు 3,76,288, పోలీసు అధిపతికి 4,57,000. మన ప్రస్తుతాంశమునకు ముఖ్యమైనది కౌన్సిలు సభ్యుల సంగతి. నలుగురు సభ్యులు ఏటికి దాదాపు 1,00,000 డాలర్లు తీసికొనుచుండిరి. సామాన్యచట్టపు పట్టిక ప్రకారము అట్టి యూరి సభ్యునకు ఆరంభజీతము నెలకు 400. ఆ తేడా యంతయు మిగులు ఆస్తుల మండలి, ప్రజావిత్త మండలి, చెత్త నిర్వహణ మండలి మొదలగు సంఘముల పేర వచ్చుచుండెను. ఆ సంఘములలో కొన్ని కొన్ని నిమిషములు మాత్రమే కూర్చుండి లేచుచుండెననియు, చెత్త మండలి ఏనాడును చట్టప్రకారము స్థాపింపబడనే లేదనియు పిమ్మట న్యాయస్థానమున అభియోక్తలు చూపిరి. పెరటిదారిని మూయుటకు రాష్ట్రము తలుపు బిగించిన యేడే బెల్ నగరము ఆ పెరటిగోడనే తీసివేసికొన్నది.

ఈ కథలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచునది అయిదవ సభ్యుని సంగతి. లొరెంజో వెలెజు అను నాతనికి నెలకు వచ్చుచుండినది 673 డాలర్లు మాత్రమే. ప్రక్కకుర్చీలలోనున్నవారు నెలకు ఎనిమిదివేల వరకు తీసికొనుచున్నారని తనకు తెలియదని ఆయన పలికెను. ఆ 673 డాలర్లే చట్టబద్ధమైన జీతమునకు కొలతబద్దగా న్యాయస్థానమున నిలిచినది. తక్కినవారి దోషము ఎంత పెద్దదో ఎవరును సిద్ధాంతముతో నిరూపింపనవసరము లేకపోయెను. అదే సభలో, అదే బల్లచుట్టు, అదే పని చేసిన మనిషి జీతపుచీటి ఒక్కటి చాలినది. సభ్యులందరికిని ఒకే జీతముండవలెనను సమానత్వవాదముతో పదవీకాలపు నిషేధమును సడలించిన చట్టము ఇట్టి దృశ్యమును ఊహించియుండదు.

ఊరివారు వీధికెక్కిరి. 2010 సెప్టెంబరులో మేనేజరు, ఉపమేనేజరు, నాటి సభ్యులును మాజీ సభ్యులును కలిసి ఎనిమిదిమంది నిర్బంధింపబడిరి. 2011 మార్చి 8న, నాలుగువందలకు లోపు ఓట్లతో చార్టరు తెచ్చుకొన్న ఆ ఊరే, వేలకొలది ఓట్లతో పాత సభను పదవులనుండి దింపెను. 2013లో విచారణకు నిలిచిన ఆరుగురు సభ్యులలో అయిదుగురు కొన్ని నేరములందు దోషులని తేలిరి, ఒకడు నిర్దోషియై బయటపడెను. రిజోకు 2014లో 12 సంవత్సరముల శిక్ష పడినది. ఈ వార్తలకు గాను ఆ పత్రికకు 2011లో ప్రజాసేవకై యిచ్చు పులిట్జరు బహుమానము లభించెను.

ఇందు వాదించిన న్యాయవాదుల మాటలలో ఒకటి పూర్తిగ త్రోసివేయదగినది కాదు. చార్టరు చట్టబద్ధముగ వచ్చినది, ఓటర్లు ఆమోదించినది, జీతము నగర వ్యవహారమని రాజ్యాంగము చెప్పుచున్నది, ఇక నేరమెక్కడ? స్వాతంత్ర్యమున్నంత మాత్రమున ప్రజాధనమును చట్టాధారము లేక తీసికొనవచ్చునని కాదని న్యాయస్థానము తేల్చినది గాని, స్వపరిపాలనపు తలుపు తెరచినప్పుడు గాలితోబాటు దొంగయు ప్రవేశించునను చిక్కును శాసనసభయే విడదీయవలసివచ్చెను. నాటి రాష్ట్ర కంట్రోలరు జాన్ చాంగ్ 2010లోనే ప్రతి నగరమును తన యధికారుల, ఉద్యోగుల జీతములను తనకు నివేదింపవలెనని ఆజ్ఞాపించి, వానిని అందరును చూడగలుగునట్లు ప్రకటించెను. 2011నాటి చట్టమొకటి చార్టరు ప్రతిపాదనలను ఎవరును రాని ప్రత్యేక దినములందు గాక నియమితమైన ఎన్నికలందే ఓటర్లముందుంచవలెనని, అంతకుముందు బహిరంగ విచారణలు జరుపవలెనని విధించెను.

బెల్ భయము ఒకవైపు. రెండవవైపున దానికి సరిగ్గ ఎదురైన రోగమున్నది. శాన్ డియాగో మహానగరమున జీతనిర్ణయ సంఘమొకటి నియమితమై, నిర్ణీతకాలమున పెంపుదలను సిఫారసు చేయుచుండెను. దానిని అంగీకరింపవలసినది మాత్రము కౌన్సిలే. పత్రికలకు వెరచి కౌన్సిలువారు ఆ సిఫారసులను మాటిమాటికి త్రోసిపుచ్చుచుండుటచేత, సభ్యుని జీతము 2003 నుండి 75,386 డాలర్లవద్దనే గడ్డకట్టినది. ఆశ కాదు, పిరికితనము అచ్చట సమస్య. కడకు 2018 నవంబరులో ఓటర్లు ఎల్ అను ప్రతిపాదనమును ఆమోదించి, ఆ గుదిబండను సభ్యుల మెడనుండి తీసివేసిరి: మేయరు జీతము రాష్ట్రపు సుపీరియరు న్యాయాధిపతి జీతముతో సమానము, సభ్యుల జీతము 2020 నుండి అందులో నూటికి 60, 2022 నుండి 75. లాసు ఏంజెలీసు ఇట్టి ముడినే 1990లో వేసికొన్నది. న్యాయాధిపతి జీతమును నిర్ణయించునది రాష్ట్రము. ఆ న్యాయాధిపతి నగరసభ్యునకు బంధువు గాడు. పెంపుదల వచ్చినప్పుడు నగరమున ఎవరును చేయెత్తనవసరములేదు. యుక్తి మంచిదే. ఈ యుక్తి ఫలించుచున్నకొలది నగరసభ్యుని జీతము నగరప్రజల దృష్టినుండి తొలగిపోవునని, దేశమున మిక్కిలి హెచ్చు జీతము పొందు నగరసభ్యులలో లాసు ఏంజెలీసువారుండుటకు ఇదియు నొక కారణమని మాత్రము గమనింపవలెను.

చిన్న నగరముల విషయమున 1984నాటి పట్టిక నలువది యేండ్లవరకు కదలలేదు. ఈలోగా ధరలు దాదాపు మూడింతలైనవి. పిల్లలను చూచుకొను ఆయాకు ఒక సాయంకాలమున కీయవలసినదానికి సభ్యుని దినవంతు చాలదని, పదవీవిరమణ చేసినవారును కలిగినవారును దప్ప కౌన్సిలులో మిగులుట లేదని వాదములు హెచ్చినవి. రెండువేల నాలుగువందల యేండ్లనాటి ఆథెన్సు మాటయే ఇది. 2023లో సెనేటరు బిల్ డాడ్ ప్రవేశపెట్టిన బిల్లు చట్టమై, 2024 జనవరి 1 నుండి పట్టికను మార్చెను: కనిష్ఠశ్రేణికి 950 డాలర్లు, తరువాత క్రమముగా 1,275, 1,600, 1,900, 2,550, గరిష్ఠశ్రేణికి 3,200. ఏటి పెంపునకు నూటికి అయిదో, ధరల పెరుగుదలయో అను రెంటిలో హెచ్చైనదానిని అనుమతించి, ఎట్లైనను ఏడాదికి నూటికి పది మించరాదని హద్దు పెట్టినది. మన తెలుగు కుటుంబములు వేలకొలదిగా స్థిరపడిన ఫ్రీమాంటు, కూపర్టినోలు సామాన్యచట్ట నగరములే. కూపర్టినో అరువదివేల జనాభాతో 1,600 శ్రేణిలోను, ఫ్రీమాంటు రెండులక్షల ముప్పదివేలతో 2,550 శ్రేణిలోను పడినవి. విజయవాడలోనో వరంగల్లులోనో కార్పొరేటరు గౌరవవేతనము రాష్ట్రప్రభుత్వపు జీవోతో పెరుగుటకు అలవాటుపడినవారికి, తమ కౌన్సిలరు జీతమును తమ యెదుటనే చర్చింపవలెనను నియమము మొదట వింతగా తోచవచ్చును. అక్కడ పెంచువాడు వేరు, పుచ్చుకొనువాడు వేరు. అందుచేత అపచారమునకు ఒక తలుపు మూతపడినది, నగరపౌరునికి వచ్చి యడుగుటకు నుండిన తలుపుకూడ దానితోబాటే మూతపడినది.

కొత్త చట్టము సులభముగా ఇచ్చినదానిని సులభముగా తీసికొననీయలేదు. పెంపుదలను కనీసము రెండు సామాన్య సమావేశములలో బహిరంగముగ పరిశీలింపవలెను. మొదటి సమావేశమున, పెంపు ఎందుకవసరమో తెలుపు ఆధారములతో కూడిన శాసనప్రతిపాదనమును సభముందుంచవలెను. ఓటింగు ఏడుదినములైనను గడచినపిదప రెండవ సమావేశమున. పదవీకాలమందు పెంపు చెల్లదను పాత నిషేధమును, అంచెల సభలకిచ్చిన పాత సడలింపును అట్లే యున్నవి. నగరపు ఇతర ఉద్యోగులకిచ్చు ఆరోగ్యభీమా, పింఛను సౌకర్యములను సభ్యులకును ఇచ్చినచో అవి జీతపు లెక్కలోనికి రావనుటయు అట్లే యున్నది. జీతము మూడువందలున్న కాలమున కొన్ని నగరములలో భీమా విలువయే జీతమును మించుచుండెను. చార్టరు నగరములు ఈ పట్టికకు నేటికిని బయటనే యున్నవి. అయితే 2011 తరువాత ఏ ఊరైనను చార్టరు కోరినచో, ఓటరు చేతికి వచ్చు బ్యాలెటు వివరణమున నగరమునకు క్రొత్తగా సంక్రమించు అధికారములను ఒక్కొక్కటిగా పేర్కొనవలెను. వానిలో కౌన్సిలు ఓటర్ల సమ్మతి లేకుండగ తన జీతమును తానే పెంచుకొనగలుగునా లేదా యనునది స్పష్టముగ వ్రాసియుండవలెను.